రుచి చూస్తే తిన్నట్టా?

ములకలపల్లి సెంటర్‌లో దిగి ఎవరినడిగినా ఆఫియా మేడమ్ గది చూపిస్తారు. చూపించే తీరు మాత్రం అందరిదీ ఒకటే. "షుకూర్ మిఠాయి దుకాణం లేదూ? దాని పక్క గది." తీపి తగ్గించమని చెప్పే మనిషి దగ్గరికి వెళ్లాలంటే ముందు జిలేబీ మూకుడు దాటాలి. తిరిగి రావడానికీ అదే దారి. వెళ్లేటప్పుడు జనం ముఖం పక్కకు తిప్పుకుని దాటేస్తారు. వచ్చేటప్పుడు సలహా విని అలసిపోయి ఉంటారు కాబట్టి కాసేపు ఆగుతారు.

రెండు బోర్డులూ ఒకే పెయింటర్ రాశాడు. దుకాణం బోర్డుకు మిగిలిన ఎర్ర రంగుతోనే 'ఆఫియా ఆహార సలహా కేంద్రం' అని కూడా రాసేశాడు. అందుకని రెండింటి అక్షరాలూ అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. సంతకొచ్చిన కొత్తవాళ్లు రెండూ ఒకే దుకాణం అనుకుంటారు. ఒకవైపు రోగం, ఒకవైపు మందు. ఏది ఏదో కొనేవాళ్లే తేల్చుకోవాలి.

ఆఫియా హైదరాబాద్‌లో పోషకాహారం చదువు చదివి, ఖమ్మంలో ఒక కోచింగ్ కాలేజీ హాస్టల్‌లో డైటీషియన్‌గా చేరింది. పిల్లలు ఆ పూట ఏం తినాలో వంటగది బోర్డు మీద రాయడం ఆమె పని. ఆ బోర్డుకు వీపు పెట్టి ఉప్మా వండటం వంటవాళ్ల పని. బోర్డును ఫొటో తీసి తల్లిదండ్రులకు పంపడం ప్రిన్సిపాల్ పని. ముగ్గురూ ఎవరి పని వాళ్లు శ్రద్ధగా చేసుకుపోయారు. చివరికి ఆఫియాకే విసుగొచ్చి ఇంటికి వచ్చేసింది.

తండ్రి షుకూర్ సంతోషించాడు. "పక్క గోదాం ఖాళీ చేస్త బేటీ. నీ దవాఖానా అండ్ల పెట్టుకో" అన్నాడు.

"దవాఖానా కాదు అబ్బూ. సలహా చెప్పుడు."

"సలహాకు గూడ కుర్చీ కావాలె కద."

అలా చక్కెర బస్తాలు వేసుకునే గోదాం ఆఫియా గది అయింది. బస్తాలు పోయినా చీమలు పోలేదు. వానాకాలం వస్తే పాత అలవాటు కొద్దీ గోడ వెంట బారులు తీరి వస్తాయి. కాసేపు వెతుక్కుని, ఏమీ దొరక్క పక్క దుకాణంలోకి వెళ్లిపోతాయి. ఆమె దగ్గరికి వచ్చే మనుషులూ అంతే.

నిజానికి ఆఫియా సలహాలో భయపడాల్సిందేమీ లేదు. పళ్లెంలో సగం కూరలుండాలి. పావు వంతు పప్పో, గుడ్డో, చేపో. మిగిలిన పావే అన్నం. పొద్దున కడుపు మాడ్చుకోవద్దు, రాత్రి ఆలస్యంగా తినొద్దు. తిన్నవెంటనే మంచం ఎక్కకుండా వీధి చివరిదాకా నడిచి రావాలి. తీపి పూర్తిగా మానేయమని కూడా ఆమె అనదు. మానేయమంటే మనిషి నాలుగు రోజులు బిగబట్టి, అయిదో రోజు పళ్లెం నాకుతాడని ఆమె చదివింది, హాస్టల్లో కళ్లారా చూసింది కూడా. అందుకే చివర్లో ప్రతి ఒక్కరికీ ఓ మాట చెప్పేది. "ఎప్పుడన్నా ఒకసారి తినొచ్చు. ఇష్టమైనది, కొంచెం, నింపాదిగా కూర్చొని తినండి." అంతకుముందు చెప్పిన మాటలేవీ గడప దాటేవి కావు. ఈ ఒక్క మాట మాత్రం క్షేమంగా ఇల్లు చేరేది.

రాఘవమ్మనే తీసుకోండి. అంగన్‌వాడీ టీచరుగా చేసి రిటైరైంది. మోకాళ్ల నొప్పులు తగ్గాలంటే బరువు తగ్గాలి. అన్నం తగ్గించి జొన్నరొట్టె తినమని ఆఫియా చెప్పి పంపింది. ఆమె మళ్లీ వచ్చేసరికి బరువు పెరిగింది.

"రొట్టె తింటున్నరా అమ్మా?"

"అవ్, రెండు పూటలా తింటున్న."

"మరి గిట్లెందుకు పెరిగింది?"

"నాకేం ఎరుక బిడ్డా? అన్నం తిన్నంక మరువకుండ తింటున్న."

"అన్నం తిన్నంక కాదమ్మా, అన్నం బదులు తినమన్న."

రాఘవమ్మ ఆమెను జాలిగా చూసింది. "మందు ఏసుకుంటే బువ్వ మానేస్తమా ఎవరమన్న?"

ఎరువుల దుకాణం వెంకటేశ్వరరావుది ఇంకో దారి. ఆయన 'ఎప్పుడన్నా' అనే మాటను సొంతం చేసుకున్నాడు. లోడు వస్తే సంతోషానికి ఎప్పుడన్నా. రాకపోతే బెంగకు ఎప్పుడన్నా. వాన పడితే బజ్జీ, పడకపోతే వాన కోసం పూజ, పూజ చేస్తే ప్రసాదం. పంచాంగంలో ఏ రోజు తీసినా ఆయన కడుపుకు ఓ కారణం దొరికేది.

వీళ్లెవరూ మారలేదని ఆఫియా పెద్దగా దిగులు పడలేదు. ఆమె దిగులంతా గోడ అవతలి మనిషి గురించే.

షుకూర్‌కు చాలా ఏళ్లుగా షుగర్ ఉంది. ఇప్పుడు రెండు కళ్లలోనూ శుక్లాలు వచ్చాయి. ఖమ్మంలో కంటి డాక్టరు చూసి, షుగర్ తగ్గితే తప్ప కత్తి పట్టనని చెప్పేశాడు. ఆలస్యం చేస్తే శుక్లం ముదిరి ఆపరేషన్ కష్టమవుతుందనీ అన్నాడు. షుకూర్ ఆ మాట నవ్వి కొట్టేశాడు. "జిలేబీ వేగిందో లేదో నూనె చప్పుడే చెప్తది నాకు. కండ్లతోటి పనేంది?" అన్నాడు. కానీ ఒక పొద్దున మూకెడు బాదుషా నల్లగా మాడిపోతే, ఎర్రగా వేగాయని పళ్లెంలో పేర్చి అద్దాల బీరువాలో పెట్టాడు. కొనడానికి వచ్చినవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ఆకలి లేదని చెప్పి వెళ్లిపోయారు. ఆఫియా తల్లి మలికా వచ్చి ఆ పళ్లెం లోపలికి తీసుకుపోయింది. ఆనాటి నుంచి ఏదో పని ఉన్నట్టు మూకుడు పక్కనే నిలబడేది. ఎందుకు నిలబడుతోందో భర్తకు చెప్పలేదు. ఆయనా అడగలేదు.

ఇక ఆఫియా తండ్రిని పూర్తిగా తన చేతిలోకి తీసుకుంది. చప్ప చాయ్, జొన్నరొట్టె, మెంతికూర, పల్చటి మజ్జిగ. షుకూర్ ఎదురు చెప్పలేదు. ఊరంతటిలోకీ బుద్ధిమంతుడైన రోగి అనిపించుకున్నాడు. ఆ ఏడు రంజాన్ నెలలో ఆయన షుగర్ ఎన్నడూ లేనంతగా దిగింది. ఇఫ్తార్ పకోడీల మధ్య, ఖర్జూరాల మధ్య, హలీం గిన్నెల మధ్య దిగింది. ఆఫియా ఆనందానికి హద్దుల్లేవు. రిపోర్టు జిరాక్సు తీయించి, తండ్రి ఫొటో పక్కన గోడకు అంటించింది. 'నమ్మని వాళ్లు చూడండి' అన్నట్టు అది గదిలోకి వచ్చిన ప్రతి ఒక్కరినీ చూసేది.

పండుగ వెళ్లాక ఆపరేషన్‌కు ఖమ్మం వెళ్లారు. పరీక్ష చేస్తే షుగర్ పాత చోటికి ఎక్కి కూర్చుంది. డాక్టరు వెనక్కి పంపేశాడు. ఇంటికి రాగానే ఆఫియా వంటింట్లోకి నడిచింది.

"అమ్మీ, నిజం చెప్పు. అబ్బూకి చాటుగ ఏం పెడుతున్నవ్?"

మలికా గరిటె దించింది. "నేనా? మిఠాయోళ్ల ఇంటికి కోడలుగ వచ్చిన కాడి నుంచి తీపి వాసనకే నాకు కడుపుల తిప్పుతది. నేను పెడతనా ఆయనకు? ఆయన కండ్ల కోసం పప్పుల నూనె గూడ చెంచాతోటి కొలుస్తున్న. పో, నీ గదిల కూసొని ఊరోళ్లను అడుగు గట్ల!"

ఆఫియా చక్కెర డబ్బా దాచింది. ఖర్జూరాలు దాచింది. దగ్గు మందు సీసా కూడా దాచింది. రోజూ సాయంత్రం తండ్రిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, పొద్దుటి నుంచి ఏం తిన్నాడో చెప్పించుకునేది. ఆయన వేళ్లు మడుస్తూ చెప్పేవాడు. రొట్టె, మెంతికూర, మజ్జిగ, చప్ప చాయ్. "అల్లా తోడు బేటీ, ఇంకేం తినలే." ఆ ముఖం చూస్తే అబద్ధం చెబుతున్నట్టు లేదు. నిజంగానే అబద్ధం చెప్పడం లేదు. చిక్కంతా అక్కడే ఉంది.

ఆ రోజుల్లోనే మండలంలో ఆరోగ్య శిబిరం జరిగింది. అడవి అంచు గూడేల నుంచి ఆడవాళ్లు వచ్చారు. వాళ్లలో ముత్తక్క ఉంది. మిఠాయిలు చుట్టడానికి షుకూర్ దుకాణానికి అడ్డాకుల కట్టలు తెచ్చే మనిషి. ఆఫియా గౌను వేసుకునే రోజుల నుంచీ ఎరిగినదే. ఆమె వేలి రక్తం యంత్రంలో పెట్టి చూసి ఆఫియా ఉలిక్కిపడింది. షుకూర్‌ను మించి ఉంది షుగర్.

సగం పళ్లెం, పావు పళ్లెం అంటే ముత్తక్కకు ఏం అర్థమవుతుందిలే అనుకుంది ఆఫియా. ఆ 'ఎప్పుడన్నా ఒకసారి' కూడా చదువుకున్నవాళ్లకు చెప్పే మాటే గానీ ఈమెకు కాదనుకుంది. సూటిగా ఒక్క ముక్క చెప్పింది.

"ముత్తక్కా, తీపి ముట్టొద్దు."

"అసలుకేనా పాపా?"

"అసలుకే."

"సరే" అని ముత్తక్క లేచి వెళ్లిపోయింది. ఆఫియా సలహాకు అంత తొందరగా 'సరే' అన్న మనిషి అంతవరకూ లేదు. కాబట్టి ఆమెకు అర్థం కాలేదనే ఆఫియా నమ్మింది.

తర్వాత ఒక సంత రోజు వెంకటేశ్వరరావు వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"ఇయ్యాల పొద్దటి నుంచి ఏం తిన్నరో చెప్పండి సార్."

"ఇడ్లీ తిన్న. అన్నం తిన్న. గంతే."

"మరి మీసానికి కోవా అంటుకున్నది?"

ఆయన తొణకలేదు. మీసం తుడుచుకుని, ఆ వేలు నాకి, "ఇది తినుడు కాదు మేడమ్. మచ్చు" అన్నాడు. "దుకాణం ముంగట నిలబడితే షుకూర్ భాయ్ మచ్చు పెట్టిండు. కాదంటే బాగుంటదా?"

"మచ్చు గూడ కడుపులకే పోతది కద సార్."

"ఆయన గూడ తిన్నడు కద! ముందుగాల తన నోట్లె ఏసుకుని, తర్వాత నా చేతిల పెట్టిండు. ఎప్పటి సంది ఉన్న పద్ధతే కద! ఆయనకు అంటని పాపం నాకు అంటుతదా?"

ఆఫియా చేతిలోని పెన్ను ఆగిపోయింది.

ఆ పద్ధతి ఆమె తాత పెట్టింది. దుకాణపు మనిషి తినని మిఠాయిని పరాయి నోటికి పెట్టకూడదు. పళ్లెం పొయ్యి దగ్గర్నుంచి బీరువాలోకి రావాలంటే ముందు ఇంటి మనిషి రుచి చూడాలి. ఎవరైనా కొనడానికి వచ్చి మచ్చు అడిగితే, వాళ్లకిచ్చే ముక్కలోంచి కొంచెం విరిచి ముందు తాను తినాలి. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆఫియా అది చూస్తూనే ఉంది. తండ్రి కళ్లద్దాలు తుడుచుకోవడం ఎంతో, ఇదీ అంతే. రోజూ సాయంత్రం ఏం తిన్నావని అడిగిన ఆమెకూ అది గుర్తు రాలేదు, వేళ్లు మడిచి చెప్పిన ఆయనకూ గుర్తు రాలేదు.

ఆమె లేచి గుమ్మంలో నిలబడి చూసింది. సంత జనం ఒకరి వెనక ఒకరు వస్తున్నారు. లడ్డూ కొనేవాళ్లకు లడ్డూ మచ్చు, తండ్రి నోట్లో ఓ పలుకు. కలాకండ్ వాళ్లకు కలాకండ్, తండ్రి నోట్లో ఓ పలుకు. ఒకామె ఏది కొనాలో తేల్చుకోలేక అన్నీ మచ్చు అడిగింది. షుకూర్ ఎంతో ఓపికగా అన్నీ తిన్నాడు.

"అబ్బూ, ఇది తినుడు కాదా?"

"ఏది బేటీ?"

"ఇప్పుడు నోట్లె ఏసుకున్నది."

"ఇదా? ఇది పని" అన్నాడు షుకూర్ నమలుతూ. "టైలర్ కొలత తీసుకుంటే చొక్కా తొడుక్కున్నట్టా?"

"మరి రంజాన్‌ల ఎట్ల చేసినవ్?"

"రోజా ఉపాసం ఉన్నోని నోట్లెకు మచ్చు ఎట్ల పోతది? అప్పుడు నా బదులు ముత్తక్క తిన్నది. నెలంత ఆ స్టూలు మీదనే కూసున్నది పాపం. ఇన్నేండ్ల సంది వస్తున్నది, మన ఇంటి మనిషే కద."

ముత్తక్క మిఠాయిలు చుట్టడానికి కూర్చుందని ఆ నెలంతా అనుకున్న ఆఫియా, అదే స్టూలు మీద కూర్చుండిపోయింది. గోడకు అంటించిన రిపోర్టు గుర్తొచ్చింది. శిబిరంలో ముత్తక్క వేలు గుర్తొచ్చింది.

"ఖుదా చూస్తడని రంజాన్‌ల మానేస్తవ్. మిగిలిన నెలలు చూడడా?"

"చూస్తడు. కని ఇది పని అని ఆయనకు ఎరుకే. నీకే ఎరుక లేదు" అన్నాడు షుకూర్. కూతురి ముఖం మసకగా కనబడినా గొంతులో తడి వినబడినట్టుంది, కాసేపటికి మెత్తబడ్డాడు. "సరే. ఆపరేషన్ అయ్యేదాక ముత్తక్కనే మళ్ల కూసోబెడదాం."

మరుసటి సంతకు ముత్తక్క ఆకుల కట్ట దించి, సంగతి విని, తల అడ్డంగా ఊపింది.

"నేను తినను సాబూ. పాప ముట్టొద్దన్నది."

"ముత్తక్కా, ఎప్పుడన్నా ఒకసా..." అలవాటు కొద్దీ మొదలుపెట్టిన ఆఫియా, మాట అక్కడే మింగేసింది.

"పండుగకు ఇంట్ల బెల్లమన్నం వండిన్రు. అది గూడ ముట్టలే. నా మనుమరాలు బుంగమూతి పెట్టింది" అంది ముత్తక్క గొప్పగా. ఆఫియా యంత్రం తెచ్చి ఆమె వేలికి పొడిచి చూసింది. షుగర్ దిగింది. మండలం మొత్తంలో తన మాట విన్న ఒకే ఒక్క మనిషి ఎదురుగా నిలబడి ఉంది. ఆఫియా సంతోషపడాల్సిందే. ఇంకెప్పుడైనా అయితే సంతోషపడేది కూడా.

ముత్తక్క కొంగుతో మూతి కప్పుకుని నవ్వింది. "సాబు షుగరు నాకు తగులుకునె. నన్ను ఇడిచిపెట్టినంక ఎవల మీదికి పోతదో ఏమో!"

"అసలు మచ్చే పెట్టకు అబ్బూ" అంది ఆఫియా.

"మచ్చు పెట్టని దుకాణం దుకాణమా? మీ తాతకు నా మొఖం ఎట్ల చూపెట్టాలె?"

"తాత పోయి ఎన్నేండ్లయింది!"

"అందుకే కద బేటీ. పైకి పోయినంక తప్పించుకునే జాగ గూడ ఉండది." షుకూర్ నిట్టూర్చాడు. "ఇంటి మనిషి నోరు కావాలె. మీ అమ్మీకి వాసనే పడదాయె."

షుకూర్, ముత్తక్క, మూకుడు పక్కన నిలబడిన మలికా, ముగ్గురూ ఆఫియా వంక చూశారు.

అలా ఆహార సలహా కేంద్రం మేడమ్, తన బోర్డు కిందే స్టూలు వేసుకుని మిఠాయి తినడం మొదలుపెట్టింది. మొదట్లో గోటితో గిల్లి నాలుకకు తగిలించుకునేది. వెంకటేశ్వరరావు ఒప్పుకోలేదు. "గంతేనా? నువ్వు గట్ల భయపడుకుంట తింటే అండ్ల ఏం కలిసిందో అని మాకు అనుమానం వస్తది" అన్నాడు. దాంతో తండ్రి తిన్నంత తినక తప్పలేదు. మర్నాడు వెంకటేశ్వరరావు భార్యను వెంటబెట్టుకుని వచ్చి, "చూసినవా? మేడమే తింటున్నది. ఇగ నన్నేం అనకు" అని సాక్ష్యం చూపించుకున్నాడు. డైటీషియన్ తినే మిఠాయి ఒంటికి మంచిదట అనే మాట పక్క ఊళ్లకు పాకింది. ఎవరో డైట్ జిలేబీ ఏదని అడిగారు. రాఘవమ్మ వచ్చి, ఎంతో అక్కరగా, "అన్నం ముందు తింటున్నవా బిడ్డా, తిన్నంకనా?" అని అడిగింది. ఆఫియా గోడ మీది రిపోర్టు చించేసింది. కుర్తా కుట్లు విప్పుకుంది.

గోడ అవతల మాత్రం షుకూర్ షుగర్ దిగుతూ వచ్చింది. దిగి, అక్కడే నిలబడింది. ఖమ్మం డాక్టరు ఈసారి వెనక్కి పంపలేదు.

ఆపరేషన్ అయి, విశ్రాంతి రోజులు గడిచాక, షుకూర్ నల్ల కళ్లద్దాలతో దుకాణానికి వచ్చాడు. అద్దాలు తీసి చుట్టూ చూశాడు. పొయ్యి వెనక గోడ అంత నల్లబడిందని ఆయనకు తెలియదు. బోర్డు మీద ఎర్ర రంగు వెలిసిపోయిందనీ తెలియదు. పళ్లెంలో బాదుషాను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, మూకుడు పక్కన నిలబడిన మలికా వంక చూశాడు. ఆమె చప్పున చూపు తిప్పుకుని పొయ్యి ఎగదోసింది. అప్పుడు ఆయన చూపు స్టూలు మీదికి వచ్చి ఆగింది.

"మంచిగ కనబడుతున్నదా అబ్బూ?"

"మంచిగ కనబడుతున్నది" అన్నాడు షుకూర్. ఇంకాస్త చూశాడు. "బేటీ, నువ్వు గింత లావు ఎప్పుడైనవ్?"

"నీ కంట్ల పొర తీసిన్రు కద, నీ బదులు తిని తిని బిడ్డ కండ పట్టింది" అంది మలికా పొయ్యి దగ్గర్నుంచి.

అప్పుడే వెంకటేశ్వరరావు వచ్చాడు. కొత్త కన్ను బాగుందని మెచ్చుకున్నాడు. కోవా తాజాదేనా అని అడిగాడు. షుకూర్ చెయ్యి పళ్లెం మీదికి పోయింది, అలవాటు కొద్దీ ఆఫియా చెయ్యీ పోయింది. ఆయన కూతురి మణికట్టు పట్టుకుని ఆపాడు. ముక్క తీసి అడ్డాకులో పెట్టి, ముందుకు జరిపాడు.

"తీసుకోండ్రి సేఠ్."

వెంకటేశ్వరరావు ఆకు వంక చూశాడు. "మరి మీరు?"

"నేను తినను."

"మేడమ్?"

"మేడమ్ గూడ తినదు. ఇగ ఈ దుకాణంల ఎవరూ తినరు. మా అబ్బాకు నేను జవాబు చెప్పుకుంట పైకి పోయినంక."

వెంకటేశ్వరరావు ముక్క నోటి దాకా తీసుకెళ్లాడు. షుకూర్ దవడ కదలడం లేదు. ఆఫియా దవడ కదలడం లేదు. ఆయన ముక్కను మళ్లీ ఆకులో పెట్టేశాడు. "మీరెవరూ తినకుంటే నేనెట్ల తినాలె భాయ్? ముద్ద దిగుతదా?"

ఆఫియా స్టూలు మీంచి లేచి నిలబడింది. సగం పళ్లెం, పావు పళ్లెం, ఇన్నాళ్ల సలహాలు చేయలేని పని నోరు కట్టేసుకున్న దుకాణం చేసింది. ఆ మనిషి కోవా ముందు నిలబడి కోవా తినలేదు! వెంకటేశ్వరరావు అలాగే ఓ ఘడియ ఆలోచిస్తూ నిలబడ్డాడు.

"సరే" అన్నాడు చివరికి. "అరకిలో కట్టు. ఇంటికాడ మా ఆమె ముందుగాల తింటది, ఎన్క నేను తింట."

షుకూర్ అరకిలో తూచి, అడ్డాకుల్లో చుట్టి, దారం కట్టి చేతికిచ్చాడు. ఆయన వెళ్లాక వేలికి అంటిన కోవాను నోటి దాకా తీసుకెళ్లాడు. కూతురు చూస్తోంది. ఇన్నేళ్లలో మొదటిసారి ఆ సంగతి ఆయనకు స్పష్టంగా కనబడింది. వేలు లుంగీకి తుడుచుకున్నాడు.